ఫిట్‌బిట్ నుంచి గార్మిన్‌కి: పాత లెక్కలు పోకుండా మారడం ఎలా

కొత్త గార్మిన్ వాచ్ చేతికి రాగానే ఫోన్‌లోంచి ఫిట్‌బిట్ యాప్ తీసేయకండి. ఒక యాప్‌లోని డేటా రెండోదాంట్లోకి తనంతట తాను వెళ్లదు. ఇన్నేళ్ల నడక, నిద్ర, బరువు వివరాలన్నీ ఫిట్‌బిట్‌ని నడిపే గూగుల్ సర్వర్లలో ఉన్నాయి. వాటిని ముందు దింపుకుని, ఆ తర్వాతే పాత బ్యాండ్ సంగతి చూడాలి.

ముందుగా ఆఖరిసారి సింక్ చేయండి. ఫిట్‌బిట్ బ్యాండ్ నిమిషం నిమిషం వివరాలను 7 రోజుల వరకే దాచుకుంటుంది, రోజు మొత్తాలను 30 రోజులు ఉంచుకుంటుంది. సింక్ చేయకుండా బీరువాలో పడేస్తే మిగిలిన డేటా అందులోనే ఆగిపోతుంది.

తర్వాత కంప్యూటర్‌లో గూగుల్ టేకౌట్ (గూగుల్‌లో ఉన్న మన డేటాను దింపుకునే పేజీ) తెరవండి. ఫిట్‌బిట్‌కి వాడుతున్న గూగుల్ అకౌంట్‌తోనే లాగిన్ అవ్వాలి. పాత ఫిట్‌బిట్ అకౌంట్‌ని ఇంకా గూగుల్‌కి మార్చనివాళ్లు, ఆ అవకాశం ఇంకా ఉంటే, ముందు ఆ పని చూసుకోవాలి. అక్కడ ‘డీసెలెక్ట్ ఆల్’ నొక్కి, ఫిట్‌బిట్ ఒక్కదానికే టిక్ పెట్టి, జిప్ ఫైల్ అడగండి. లింక్ మెయిల్‌కి వస్తుంది. అది వారంలో పనిచేయడం మానేస్తుంది కాబట్టి రాగానే దింపుకుని, ఇంకోచోట కూడా ఒక కాపీ పెట్టుకోండి.

జిప్ విప్పితే కుప్పలుగా జేసన్ ఫైళ్లు (డేటాను అక్షరాల రూపంలో దాచే ఫైళ్లు) కనిపిస్తాయి. అడుగులు, గుండె వేగం ఫైళ్లలో ఉండేది మన టైమ్ కాదు, యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం. అంటే మనకంటే 5:30 గంటలు వెనక. తెల్లవారుజామున 5 గంటలకు వాకింగ్ మొదలుపెట్టేవాళ్ల మొదటి అరగంట అడుగులు ముందు రోజు తేదీ కింద పడతాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇది తిరగబడి, సాయంత్రం నడక మర్నాటి లెక్కలోకి పోతుంది. రోజువారీ మొత్తాలు వేసేముందు ఈ తేడా సరిచేయకపోతే ఫిట్‌బిట్ యాప్‌లో చూసిన అంకెలతో ఎప్పటికీ కలవవు. నిద్ర ఫైళ్లలో మాత్రం స్థానిక సమయమే ఉంటుంది.

ఇప్పుడు ఏది గార్మిన్‌లోకి ఎక్కించాలి? మా సలహా: బరువు, జీపీఎస్‌తో రికార్డయిన పరుగులు, సైకిల్ రైడ్‌లు. ఇవి చాలు. అడుగులు ఎక్కించాల్సిన పనిలేదు. ఫిట్‌బిట్, గార్మిన్ అడుగులు లెక్కపెట్టే పద్ధతి వేరు, రెండూ ఒకే గ్రాఫ్‌లో కలిస్తే అతికిన చోట కనిపించే ఎత్తుపల్లాలు మీ నడకవి కావు.

బరువు ఫైల్‌లో అంకెలు చూసి కంగారుపడకండి. మీరు యాప్‌లో కిలోల్లోనే చూసినా టేకౌట్‌లో వచ్చేది పౌండ్లలో. 154.3 అని ఉంటే 0.4536తో గుణించండి, 70 కిలోలు. ఎక్సెల్‌లో కొత్త షీట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో మొదటి వరుసలో బాడీ అని, రెండో వరుసలో డేట్, వెయిట్, బీఎంఐ, ఫ్యాట్ అని నాలుగు గడుల్లో రాయండి. మూడో వరుస నుంచి మీ వివరాలు. కొవ్వు శాతం తెలియకపోతే 0 పెట్టి, సీఎస్‌వీగా (‘సేవ్ యాజ్’లో కనిపించే ఒక ఫైల్ రకం) సేవ్ చేయండి. గార్మిన్ వాచ్ డేటా ఉండే గార్మిన్ కనెక్ట్ వెబ్‌సైట్‌లో మేఘం బొమ్మ నొక్కితే ‘ఇంపోర్ట్ డేటా’ వస్తుంది. మొబైల్ యాప్‌లో దీనికోసం వెతకొద్దు. మొదట ఒక్క తేదీతోనే ఎక్కించి చూడండి. తేదీలో రోజు, నెల తారుమారైనా, కిలోలు పౌండ్లుగా పడినా అక్కడే తెలిసిపోతుంది. వందల వరుసలు తప్పుగా ఎక్కితే తీసేయడం నరకం.

పరుగుల విషయంలో, ఫిట్‌బిట్‌ని ఇదివరకే స్ట్రావాకి (పరుగులు, రైడ్‌లు నమోదు చేసుకునే యాప్) కలిపి ఉంటే మీ పని తేలిక. స్ట్రావా నుంచి మొత్తం డేటా దింపుకుంటే జీపీఎక్స్, టీసీఎక్స్, ఫిట్ అనే రకాల ఫైళ్లు వస్తాయి. జీజెడ్‌గా కుదించి ఉన్నవాటిని విప్పి, అదే ‘ఇంపోర్ట్ డేటా’లో వేయాలి. విప్పకుండా వేస్తే గార్మిన్ తీసుకోదు.

కొత్త వాచ్‌ని ఫోన్ బ్లూటూత్ మెనూలోంచి కలపకండి, గార్మిన్ కనెక్ట్ యాప్‌లోంచే కలపాలి. సింక్ ఇబ్బందులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. షావోమీ, ఒప్పో, వివో, రియల్‌మీ ఫోన్‌లు బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచే యాప్‌లను ఆపేస్తుంటాయి. గార్మిన్ కనెక్ట్‌కి బ్యాటరీ పరిమితి తీసేసి, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆటోస్టార్ట్ అనుమతి ఇవ్వండి. పుట్టిన తేదీ, ఎత్తు, బరువు, ఏ చేతికి పెడుతున్నారో సరిగ్గా నింపండి. క్యాలరీలు, దూరం అంచనాలు వీటిమీదే ఆధారపడతాయి.

రెండు వారాలు రెండూ వేసుకోండి, చెరో చేతికి. ఒకే చేతికి పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి తోసుకుని సెన్సర్ చర్మానికి సరిగా ఆనదు. ఈలోపు కనిపించే తేడాలకు కారణాలున్నాయి. విశ్రాంతిలో గుండె వేగాన్ని గార్మిన్ 24 గంటల్లో అతి తక్కువగా ఉన్న 30 నిమిషాల సగటు నుంచి తీస్తుంది. ఫిట్‌బిట్ పద్ధతి వేరు. అందుకే 62 ఉన్నది 57 అయితే గుండె ఒక్కరోజులో బాగుపడిందని అనుకోవద్దు, పెరిగితే భయపడనూ వద్దు. అడుగుల లక్ష్యం గార్మిన్‌లో రోజురోజుకీ దానంతటదే మారుతుంది. మీకు 10,000 కావాలంటే ఆటో గోల్ ఆపేయాలి. హెచ్‌ఆర్‌వీ స్టేటస్ (గుండె చప్పుళ్ల మధ్య వ్యవధిలో తేడాలను చూసేది) ఉన్న మోడళ్లలో అది తేలడానికి దాదాపు 3 వారాల రాత్రులు పడుతుంది, మధ్యలో తీసేయకండి.

ఫిట్‌బిట్ అలవాటున్నవాళ్లకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇంకొకటి. ఫిట్‌బిట్‌లో కాసేపు నడిస్తే వ్యాయామం దానంతటదే నమోదయ్యేది. గార్మిన్‌లో కదలికలను దానంతటదే పసిగట్టే మూవ్ ఐక్యూ ఫీచర్ నడకను గుర్తుపట్టినా యాక్టివిటీల జాబితాలో చేర్చదు. వాకింగ్‌కి బయల్దేరేటప్పుడు స్టార్ట్ నొక్కడం అలవాటు చేసుకోండి, లేదా మీ మోడల్‌లో ఆటో స్టార్ట్ ఉంటే ఆన్ చేయండి.

అంతా సరిపోయిందనుకున్నాక పాత బ్యాండ్‌లో ‘క్లియర్ యూజర్ డేటా’ చేసి, ఫిట్‌బిట్ యాప్‌లో డివైస్‌ని తొలగించి, ఫోన్ బ్లూటూత్ జాబితాలోంచి కూడా తీసేయండి. ఇంట్లో ఎవరికైనా ఇవ్వాలన్నా ఇదే వరస. ప్రీమియం తీసుకున్నవాళ్లు ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్లలోకి వెళ్లి విడిగా రద్దు చేసుకోవాలి. యాప్ తీసేసినంత మాత్రాన డబ్బు కట్ అవడం ఆగదు.