పెట్రోల్ పన్ను ఆపాలా వద్దా? మీ ఇంటి లెక్కతో మీరే తేల్చుకోండి

పెట్రోల్ ధర కాస్త పెరిగితే చాలు, ఇక్కడి మన వాట్సాప్ గ్రూపుల్లో అదే ప్రశ్న మొదలవుతుంది: "గవర్నర్ పన్ను ఎత్తేయొచ్చు కదా?" నేను అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన కమింగ్‌లో ఉంటాను. మనవాళ్లు నడిపే కొన్ని గ్యాస్ స్టేషన్లకు లెక్కలు రాయడం నా పని. ఆ పన్ను ఎవరు కడతారో, ఎక్కడికి పోతుందో బిల్లుల మీద రోజూ చూస్తుంటాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నెలల తరబడి అందరికీ పెట్రోల్ పన్ను ఆపడం మంచి పని కాదు. అదే డబ్బు ఇబ్బందిలో ఉన్న ఇళ్లకు నేరుగా ఇవ్వాలి. కానీ నేను చెప్పానని మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఈ ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడు మీ కాగితాలతో మీరే తేల్చుకునేలా, నేను లెక్క చూసే వరసలోనే చెబుతాను.

ముందు, ఏ పన్ను గురించి మాట్లాడుతున్నారో కనుక్కోండి. జార్జియాలో మనం పోయించుకునే ప్రతి గ్యాలన్‌లో ముగ్గురికి వాటా ఉంటుంది. ఫెడరల్ ప్రభుత్వానిది 18.4 సెంట్లు, 1993 నుంచీ ఇదే రేటు. రాష్ట్రానిది 2022లో 29.1 సెంట్లు. 2015 నాటి చట్టం ప్రకారం దీన్ని సవరిస్తూ ఉంటారు కాబట్టి మీరు లెక్క వేసే ఏడాది రేటు ఎంతో రాష్ట్ర రెవెన్యూ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మూడోది స్థానిక అమ్మకపు పన్ను. గవర్నర్ కెంప్ 2022 మార్చి 18న సంతకం పెట్టి ఆపింది రెండోదాన్ని మాత్రమే. అదే ఏడాది జూన్ 22న ప్రెసిడెంట్ బైడెన్ మూడు నెలలు ఆపమని కాంగ్రెస్‌ను కోరింది మొదటిదాన్ని. కాంగ్రెస్ దాన్ని ముందుకు తీసుకెళ్లలేదు. వార్తల్లో రెండూ "గ్యాస్ ట్యాక్స్" అనే పేరుతోనే వస్తాయి కాబట్టి ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది.

ఆ పన్ను గ్యాలన్‌కు ఇన్ని సెంట్లని వేశారా, ధరలో ఇంత శాతమని వేశారా అన్నది కూడా చూడాలి. ఫెడరల్ పన్నూ, జార్జియా ఎక్సైజూ (పైన చెప్పిన రాష్ట్రపు పన్ను) గ్యాలన్ లెక్క. ధర మూడు డాలర్లున్నా ఐదు డాలర్లున్నా ప్రభుత్వానికి వచ్చేది అంతే. "ధర పెరిగితే ప్రభుత్వానికి పండగే" అనే మాట వీటి విషయంలో నిజం కాదు. మన ఊళ్లలో పద్ధతి వేరు. తెలంగాణలో పెట్రోల్ మీద వ్యాట్ 35.20 శాతం. ఆంధ్రాలో 31 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. అక్కడ ధర పెరిగితే రాష్ట్రానికి రాబడి కూడా పెరుగుతుంది. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి వాదనను ఇక్కడికి, ఇక్కడి వాదనను అక్కడికి మోసుకెళ్లకూడదనేది ఇందుకే.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. నెలకు మీ కారు ఎన్ని మైళ్లు తిరుగుతుందో చూడండి. ఆయిల్ మార్పించిన రసీదుల మీద ఓడోమీటర్ సంఖ్య ఉంటుంది, రెండు రసీదుల మధ్య తేడా తీస్తే చాలు. దాన్ని కారు మైలేజీతో భాగించండి. ఏడాదికి 12,000 మైళ్లు, గ్యాలన్‌కు 25 మైళ్లు అనుకుంటే నెలకు 40 గ్యాలన్లు. 29.1 సెంట్ల చొప్పున 11 డాలర్ల 64 సెంట్లు. పన్ను మొత్తం ఒక్క సెంటు కూడా దారిలో పోకుండా మీకు చేరితే వచ్చేది అది. ఫెడరల్ పన్ను ఆపితే 7 డాలర్ల 36 సెంట్లు. ఊబర్, డోర్‌డాష్ నడిపేవాళ్లకు నెలకు 100 గ్యాలన్లు అవుతాయి, వాళ్లకు 29 డాలర్లు. అది చిన్న మొత్తం కాదు. పన్ను ఆపితే ఏ ఫారమూ నింపకుండా వాళ్లకు వెంటనే అందుతుందన్నది ఆ వాదనకు ఉన్న అసలైన బలం. దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను.

అయితే మొత్తం చేరుతుందా? దీనికి గ్యాస్ స్టేషన్‌కు వచ్చే బిల్లు ఒకటి చూడాలి. మా చుట్టుపక్కలకు ఎక్కువ పెట్రోల్ డోరవిల్‌లోని పెద్ద ట్యాంకుల దగ్గర నుంచి వస్తుంది, రిఫైనరీల నుంచి పెట్రోల్ తెచ్చే కలోనియల్ పైప్‌లైన్ సరుకు అక్కడికి చేరుతుంది. అక్కడ నింపుకున్న ట్యాంకర్ స్టేషన్‌లో సరుకు దింపి వెళ్లాక టోకు సరఫరాదారు బిల్లు పంపుతాడు. పైన ఎన్ని గ్యాలన్లు, ఏ గ్రేడు అని ఉంటుంది. కింద పెట్రోల్ ధర ఒక వరస, ఫెడరల్ ఎక్సైజ్ ఒక వరస, రాష్ట్ర ఎక్సైజ్ ఒక వరస, స్థానిక పన్ను ఇంకో వరస, చివర్లో రవాణా ఖర్చు. 8,500 గ్యాలన్ల లోడ్ వస్తే ఆ ఒక్క రాష్ట్ర ఎక్సైజ్ వరసలోనే దాదాపు 2,470 డాలర్లు. అంటే పంపు దగ్గర మీరు కార్డు గీకడానికి ముందే ఆ పన్ను యజమాని జేబులోంచి వెళ్లిపోయింది.

2022 మార్చిలో పన్ను ఆగిన వారం ఒక స్టేషన్ యజమాని నాకు ఫోన్ చేశాడు. "అక్కా, ధర ఎందుకు తగ్గించలేదని కస్టమర్లు నిలదీస్తున్నారు. ట్యాంకులో ఉన్నదంతా పన్ను కట్టిన సరుకే కదా, ఏం చెప్పమంటావు?" అన్నాడు. "బిల్లు చూపించు తమ్ముడూ. కొత్త లోడ్ రాగానే తగ్గిస్తానని చెప్పు" అన్నాను. లోడ్ వచ్చింది, తగ్గించాడు. కానీ ఎంత తగ్గించాలన్నది బిల్లు చూసి కాదు, రోడ్డుకు అవతల ఉన్న స్టేషన్ బోర్డు చూసి నిర్ణయించుకున్నాడు. ధర పెట్టేది అలాగే, అందులో అతని తప్పేమీ లేదు. ఎదురుగా ఉన్నవాడు 20 సెంట్లు తగ్గిస్తే ఇతను 29 తగ్గించాల్సిన పని లేదు. అంతకంటే ముఖ్యమైనది బిల్లులో ఉంది. రాష్ట్ర ఎక్సైజ్ వరస సున్నా అయిన రోజే పైనున్న పెట్రోల్ ధర వరస నాలుగైదు సెంట్లు పెరిగిందనుకోండి, పంపు దగ్గర నిలబడ్డ మీకు అది కనబడదు. రిఫైనరీలు అప్పటికే పూర్తి స్థాయిలో నడుస్తుంటే పన్ను తగ్గినందుకు సరుకు పెరగదు. కొనేవాళ్లు మాత్రం తగ్గరు. అప్పుడు మాఫీలో కొంత భాగం అమ్మేవాళ్ల దగ్గరే ఆగిపోతుంది.

ఇది నా ఊహ కాదు. 2022లో మూడు రాష్ట్రాల మాఫీలను పెన్సిల్వేనియా యూనివర్సిటీ వార్టన్ స్కూల్ బడ్జెట్ మోడల్ బృందం లెక్కగట్టింది. కొనేవాళ్లకు చేరింది మేరీలాండ్‌లో 72 శాతం, కనెక్టికట్‌లో 71 నుంచి 87 శాతం, మన జార్జియాలో 58 నుంచి 65 శాతం. 2000లో ఇల్లినాయ్, ఇండియానా రాష్ట్రాలు పెట్రోల్ మీద అమ్మకపు పన్ను కొన్నాళ్లు ఆపాయి. దాని మీద ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన ప్రకారం పన్ను తగ్గినప్పుడు 70 శాతమే ధరలోకి వచ్చింది, తిరిగి వేసినప్పుడు 80 నుంచి 100 శాతం వచ్చింది. దిగేటప్పుడు నెమ్మదిగా దిగిన ధర ఎక్కేటప్పుడు గబగబా ఎక్కిందన్నమాట. కాబట్టి మీ 11 డాలర్ల 64 సెంట్లను 0.6తో గుణించి, 7 డాలర్లే మీది అనుకోండి.

మీరే సొంతంగా పరీక్షించాలంటే ఒక దారి ఉంది. నిన్నటి ధరతో ఇవాళ్టి ధరను పోల్చొద్దు. ముడి చమురు ధర మధ్యలో మారుతుంది. 2022 జూన్‌లో దేశం సగటు ఐదు డాలర్లు దాటింది, అప్పటికి జార్జియాలో పన్ను ఆగి మూడు నెలలు. అయినా బోర్డు మీద ధర పెరిగింది కాబట్టి మాఫీ దండగ అయిందనడం తప్పు. సరిహద్దుకు అటూ ఇటూ చూడండి. ఆగస్టాలో సవానా నది దాటితే సౌత్ కరొలైనాలోని నార్త్ ఆగస్టా. చట్టనూగా టెన్నెసీలో ఉంది, దాని పక్కనే ఉన్న రింగ్‌గోల్డ్ జార్జియాలో ఉంది. ఒకే బ్రాండ్ స్టేషన్లు అటు రెండు, ఇటు రెండు ఎంచుకుని, పన్ను ఆగడానికి ముందు వారం, స్టేషన్ల ధరలు చూపించే యాప్ గ్యాస్‌బడ్డీలో ధరలు రాసుకోండి. మూడు వారాల తర్వాత మళ్లీ రాయండి. ఉదాహరణకు, ముందు రెండు వైపుల మధ్య తేడా లేదనుకోండి. తర్వాత జార్జియా వైపు 19 సెంట్లు తక్కువ ఉంటే, 29లో మీకు చేరింది ఆ 19. అవతలి రాష్ట్రం కూడా మధ్యలో పన్ను మార్చిందేమో చూసుకోండి. సౌత్ కరొలైనా 2022 జూలై 1న తన రేటును 26 నుంచి 28 సెంట్లకు పెంచింది. అది గమనించకపోతే ఆ రెండు సెంట్లను కూడా జార్జియా మాఫీ ఖాతాలో వేసేస్తాం.

భారత్‌లోనూ ఇలాంటి లెక్క ఒకటి చూడొచ్చు. 2022 మే 21న కేంద్రం పెట్రోల్ మీద ఎక్సైజ్ 8 రూపాయలు తగ్గించింది. ధరలో శాతంగా ఉండే రాష్ట్ర వ్యాట్ కూడా దాంతో తగ్గుతుంది కాబట్టి లీటరు ధర తొమ్మిదిన్నర రూపాయలు తగ్గుతుందని ఆర్థిక మంత్రి ప్రకటించారు. మర్నాడు ఢిల్లీలో ధర 105.41 నుంచి 96.72కు వచ్చింది. తీసివేసి చూడండి, 8.69. ప్రకటనకూ బోర్డుకూ మధ్య తేడా అక్కడా ఉంది. పన్ను కట్టిన పాత సరుకుతో నష్టపోయామని అక్కడి బంకుల యజమానులు కూడా అప్పుడు మొత్తుకున్నారు.

ఇక ఆ డబ్బు మామూలుగా ఎక్కడికి పోతుందో చూడాలి. జార్జియాలో మోటారు ఇంధనం పన్ను రోడ్లకూ వంతెనలకే ఖర్చు పెట్టాలని రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. మాఫీ ఉన్నన్నాళ్లూ రాష్ట్రానికి నెలకు 15 కోట్ల డాలర్లకు పైగా రాబడి పోయింది. మే 31 వరకే అని మొదలుపెట్టి, పొడిగిస్తూ పోయి 2023 జనవరి 10 దాకా నడిపారు. ఆ ఏడాది రాష్ట్రం దగ్గర భారీ మిగులు ఉండబట్టి రోడ్ల లోటు దాంతో పూడ్చారు. మిగులు లేని ఏడాది అదే పని చేస్తే గుంతలు పూడ్చేది ఎవరు? ఫెడరల్ పన్ను సంగతి ఇంకా కష్టం. అది చేరే, రోడ్లకు ఖర్చు పెట్టే హైవే ట్రస్ట్ ఫండ్‌కు 2008 నుంచీ ఇతర నిధులు తెచ్చి పోస్తున్నారు.

ఆ మాఫీ ఎవరికి పోయిందో కూడా ఆలోచించండి. ఫ్లోరిడా బీచ్‌లకు వెళ్తూ ఐ-75 మీద మన దగ్గర ట్యాంకు నింపుకున్న ఒహాయో కుటుంబానికి పోయింది. పెద్ద ఎస్‌యూవీలు రెండున్న ఇంటికి, చిన్న కారు ఒకటే ఉన్న ఇంటికంటే ఎక్కువ పోయింది. అట్లాంటా సిటీ బస్సు మార్టాలో పనికి వెళ్లే మనిషికి ఏమీ రాలేదు. మనవాళ్లలో టెస్లాలు ఉన్నవాళ్లు ఏటా రిజిస్ట్రేషన్‌తో పాటు 200 డాలర్లకు పైగా కట్టే ఫీజు మాత్రం ఆగలేదు.

అదే ఏడాది అదే రాష్ట్రం ఇంకో రెండు పనులు కూడా చేసింది, పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. ఆదాయపు పన్ను కట్టినవాళ్లకు ఒంటరివాళ్లయితే 250, జంటగా ఫైల్ చేస్తే 500 డాలర్ల దాకా వెనక్కి ఇచ్చింది. దానికి అయిన ఖర్చు సుమారు 110 కోట్ల డాలర్లు. మెడికెయిడ్, ఫుడ్ స్టాంపుల వంటి, తక్కువ ఆదాయం వాళ్ల పథకాల్లో ఉన్నవాళ్లకు ఫెడరల్ నిధుల నుంచి తలా 350 డాలర్లు ఇచ్చింది. నేను చెప్పిన 40 గ్యాలన్ల కారుకు పన్ను మాఫీ వల్ల ఆ పది నెలల్లో దక్కింది సుమారు 70 డాలర్లు, మొత్తం చేరిందనుకున్నా 116. రాష్ట్రం పోగొట్టుకున్నది మాత్రం 150 కోట్లకు పైమాటే. రీఫండ్‌లోనూ లోపం ఉంది. కట్టిన పన్నును మించి ఇవ్వలేదు కాబట్టి అసలు పన్ను పడని తక్కువ జీతం వాళ్లకు అది అందలేదు. అందుకే నన్నడిగితే 350 డాలర్ల పద్ధతే మేలు, పెట్రోల్ ధర పెరిగితే ముందు ఇబ్బంది పడేది వాళ్లే.

తుఫాను వచ్చినప్పుడు ఆపడం వేరే సంగతి అంటారు. 2024లో హరికేన్ హెలీన్ తర్వాత కూడా జార్జియాలో పన్ను ఆపారు. ఆగస్టాలో, వాల్డోస్టాలో అప్పుడు ముందున్న సమస్య ధర కాదు, కరెంటు లేక పంపులు పనిచేయకపోవడం. అలాంటి చోట స్టేషన్లకు జనరేటర్లు పెట్టించడం మీద పెట్టే డాలరు ఎక్కువ ఉపయోగపడుతుంది.

లెక్క అయ్యాక దాన్ని మీ దగ్గరే ఉంచుకోకండి. జార్జియా శాసనసభ జనవరిలో మొదలై 40 పనిదినాలు నడుస్తుంది. మాఫీ అప్పుడు బిల్లుగా రావచ్చు, మిగతా కాలంలో గవర్నర్ ఉత్తర్వుగా వస్తుంది, దాన్ని తర్వాత సభ ఆమోదించాలి. ఓటు హక్కు లేకపోయినా, హెచ్1బీ మీద ఉన్నా, మీరూ ఆ పన్ను కట్టేవాళ్లే, మీ జిల్లా ప్రతినిధి ఆఫీసుకు నిరభ్యంతరంగా ఫోన్ చేయొచ్చు. అవునా కాదా అని అడిగి ఊరుకోకండి. ఆఖరి తేదీ ఏది, రోడ్ల డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు, తగ్గింపు పంపు దాకా చేరిందో లేదో ఎవరు చూస్తారు, ఇదే మొత్తాన్ని తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు ఎందుకు ఇవ్వకూడదు అని అడగండి. జవాబు ఈమెయిల్‌లో పంపమనండి.

పన్ను తిరిగి మొదలయ్యే తేదీ కూడా క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఆ ముందు వారం, తర్వాతి వారం అవే నాలుగు స్టేషన్ల ధరలు రాయండి. తగ్గినప్పుడు మీకు చేరింది ఎన్ని సెంట్లు, పెరిగినప్పుడు మీ మీద పడింది ఎన్ని సెంట్లు అన్న రెండు సంఖ్యలనూ, మాఫీ మళ్లీ చర్చకు రాకముందే, ఆ ప్రతినిధికి పంపండి.