బీజీపీ ఫిల్టర్లు మార్చే రాత్రికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇద్దరు ప్రొవైడర్ల నుంచి లింకులు తీసుకుని బీజీపీ (ఏ చిరునామాలకు ఏ దారో, అంటే రూట్లను, నెట్‌వర్కులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) నడిపే చిన్న నెట్‌వర్కులో, ఒకరి దగ్గర నేర్చుకున్న రూట్లు పొరపాటున రెండో వారికి వెళ్లకుండా చూడడమే అన్నింటికన్నా ముఖ్యమైన జాగ్రత్త. 2008 ఫిబ్రవరి 24న పాకిస్థాన్ టెలికాం తన దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి పెట్టుకున్న 208.65.153.0/24 రూటు బయటికి పొక్కింది. యూట్యూబ్ ప్రకటిస్తున్నది /22 మాత్రమే (గీత తర్వాతి అంకె పెరిగేకొద్దీ చిరునామాల ముక్క చిన్నదవుతుంది) కావడంతో రౌటర్లన్నీ అంతకన్నా నిర్దిష్టమైన /24 వైపు మొగ్గాయి. పాకిస్థాన్ టెలికాంకు లింకు ఇచ్చిన పై ప్రొవైడర్ వడపోయకుండా వదిలినందువల్ల దాదాపు రెండు గంటలపాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ అందలేదు.

అందుచేత బయటికి వెళ్లే ఫిల్టరునే ముందు రాయండి. అందులో మీ సొంత ప్రిఫిక్సులు (చిరునామాల ముక్కలు) మాత్రమే అనుమతించి, మిగిలినవన్నీ తిరస్కరించండి. సిస్కో రౌటర్లలో ఈ నియమాలు రాసే ప్రిఫిక్స్ లిస్టులో 0.0.0.0/0 అని మాత్రమే రాస్తే డిఫాల్ట్ రూటు ఒక్కటే సరిపోలుతుంది. దాని పక్కన 'ఎల్ఈ 32' (పొడవు 32 వరకు ఏదైనా) చేరిస్తే ఐపీవీ4 రూట్లన్నీ సరిపోలతాయి. అర్ధరాత్రి దాటాక నిద్రకళ్లకు ఆ తేడా ఆనదు కనుక, ఆ వరుసలను పగలే రాసి మరొకరి చేత చదివించండి. మైక్రోటిక్‌లో రౌటర్ సాఫ్ట్‌వేర్ ఆరో వెర్షన్ నుంచి ఏడుకు మారినవారు మరో విషయం గమనించాలి: ఏ నియమానికీ సరిపోలని రూటును పాతది అనుమతించేది, కొత్తది తిరస్కరిస్తుంది.

లోపలికి వచ్చేవాటిలో 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16, 100.64.0.0/10 వంటి, ఇంటర్నెట్‌లో కనిపించకూడని అంతర్గత చిరునామాలనూ, మీ సొంత ప్రిఫిక్సులనూ, /24 కన్నా చిన్న ముక్కలనూ తిరస్కరించి, ఎన్ని రూట్ల వరకు తీసుకోవాలో గరిష్ఠ పరిమితి పెట్టండి. మీ /22ను /24లుగా విడగొట్టి ప్రకటించదలిస్తే ముందుగా ఆర్‌ఓఏలో (ఏ ప్రిఫిక్సును ఏ నెట్‌వర్కు ప్రకటించవచ్చో తెలిపే సంతకం చేసిన రికార్డు) గరిష్ఠ పొడవు చూడండి. అది 22 దగ్గరే ఆగి ఉంటే, ఆర్‌పీకేఐ తనిఖీ (ఆ రికార్డులతో రూట్లను సరిచూడడం) చేసే నెట్‌వర్కులు మీ రూట్లనే చెల్లనివిగా తోసిపుచ్చుతాయి.

మార్చబోయే లింకు మీదుగానే మీరు రౌటరులోకి లాగిన్ అయి ఉంటే, ఒక్క తప్పు నియమంతో మీరే బయట పడిపోతారు. జునిపర్‌లో 'కమిట్ కన్ఫర్మ్‌డ్' వాడితే, పది నిమిషాల్లో మీరు ఖాయం చేయకపోతే పాత అమరిక తిరిగి వస్తుంది. సిస్కోలో ముందుగా 'రీలోడ్ ఇన్ 10' (పది నిమిషాల్లో రౌటరు తిరిగి మొదలై, సేవ్ చేసిన పాత అమరికకు వెళ్లే ఆదేశం) ఇచ్చి, అంతా సరిపోయిందని తేలి దాన్ని రద్దు చేసేవరకు కాన్ఫిగరేషన్ సేవ్ చేయకండి. మైక్రోటిక్‌లో కనెక్షన్ తెగితే మార్పులను వెనక్కి తీసుకునే సేఫ్ మోడ్ ఉంది.

కొత్త పాలసీని సాఫ్ట్ క్లియర్‌తోనే (కనెక్షన్ తెగకుండా రూట్లను కొత్త నియమాలతో మళ్లీ సరిచూసే ఆదేశం) అమలు చేయండి, సెషన్‌ను (పొరుగు రౌటరుతో ఉన్న బీజీపీ కనెక్షన్‌ను) తెంచకండి. ప్రతి పొరుగు రౌటరుకు ఎన్ని రూట్లు పంపుతున్నారో మార్పుకు ముందూ తర్వాతా రాసుకోండి. నాలుగు రూట్లు ఉండవలసిన చోట వేల రూట్లు కనిపిస్తే వెంటనే ఆ సెషన్‌ను షట్‌డౌన్ చేసి, ఆ తర్వాతే కారణం వెతకండి.