శబరిమల దారిలో లాటరీ టికెట్ కొనే ముందు

మాల వేసుకుని అమలాపురం, భీమవరం నుంచి బయల్దేరే మన స్వాములు కొట్టాయంలో దిగగానే లాటరీ బడ్డీలు చూసి ఆగుతారు. కేరళ ప్రభుత్వం 1967 నుంచి నడుపుతున్న లాటరీ అది, అక్కడ చట్టబద్ధమే. మన రాష్ట్రంలో మాత్రం లాటరీ నిషేధం. కాబట్టి ఊళ్లో పంచుదామని కట్ట కొని తేవద్దు.

టికెట్ కాగితం రూపంలోనే కొనండి. కేరళ లాటరీకి ఆన్‌లైన్ అమ్మకం లేదు. వాట్సాప్‌లో ఫొటో పంపి ఫోన్‌పే చేయమన్నాడంటే మోసమే.

కొన్న వెంటనే వెనకవైపు పేరు, చిరునామా రాసి సంతకం పెట్టండి. ఫోన్‌తో రెండు వైపులా ఫొటో తీయండి. ఇరుముడి సంచిలో మాత్రం పెట్టకండి బాబూ, నెయ్యి కారితే అంకెలు అలుక్కుపోతాయి. చిరిగినా, దిద్దినా టికెట్ చెల్లదు.

ఫలితాన్ని ఫార్వర్డ్ మెసేజ్‌లో కాదు, కేరళ ప్రభుత్వ గెజిట్‌లో సరిచూసుకోండి. బహుమతికి టికెట్ అప్పగించే గడువు డ్రా తేదీ నుంచి 30 రోజులే. చిన్న బహుమతులు అక్కడి దుకాణాల్లోనే ఇస్తారు. పెద్ద మొత్తానికి లాటరీ కార్యాలయంలో అసలు టికెట్, ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు ఇవ్వాలి. పది వేలు దాటితే 30 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు, ఏజెంటు కమీషన్ కూడా బహుమతిలోంచే పోతుంది. అందుకే కోటి తగిలిందని వినగానే చేపల చెరువు లీజుకు అడ్వాన్స్ ఇచ్చేయకండి.

"ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అనే ఫోన్ వస్తే పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.