ఎండాకాలంలో బొచ్చు కుక్కను చల్లగా ఉంచడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి

మార్చి నెల ముదిరేసరికి నెల్లూరులోనూ ఒంగోలులోనూ హస్కీ, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, పామరేనియన్ వంటి బొచ్చు కుక్కలను పెంచుతున్న వారిలో చాలామందికి ముందుగా తట్టే ఉపాయం వాటికి గుండు కొట్టించడం. చూడటానికి దయగా కనిపించినా ఇది చేయకూడని పని. ఈ జాతులకు ఒంటిమీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. చర్మాన్ని అంటిపెట్టుకొని దూదిలా మెత్తగా ఉండేది లోబొచ్చు. దానిపైన పొడవుగా, కాస్త గరుకుగా కనిపించేది పైబొచ్చు. పైబొచ్చు ఎండను నేరుగా చర్మం మీద పడనివ్వదు. దాన్ని మొదలంటా గొరిగిస్తే చర్మం కమిలిపోతుంది. తిరిగి మొలిచేటప్పుడు లోబొచ్చు ముందుగా వచ్చి పైబొచ్చు వెనకబడుతుంది, కొన్ని కుక్కలకైతే నెలల తరబడి బొచ్చు అక్కడక్కడ మాత్రమే మొలుస్తుంది. పైగా కుక్కకు మనిషికిలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున మాత్రమే కొద్దిగా పడుతుంది. కాబట్టి ఒళ్లు బోడి చేసినందువల్ల మనకు కలిగేంత హాయి దానికి కలగదు. చర్మవ్యాధికో, శస్త్రచికిత్సకో, విడదీయరానంతగా జడలు కట్టినందుకో పశువైద్యులు గొరగమంటే అది వేరే సంగతి. పొట్ట కింద, కాలివేళ్ల సందుల్లో, తోక కింద మాత్రం పొట్టిగా కత్తిరించుకోవచ్చు.

నిజంగా కుక్కను ఉక్కిరిబిక్కిరి చేసేది రాలిపోవలసి ఉండి కూడా రాలక లోపలే ఇరుక్కున్న పాత లోబొచ్చు. అది పేరుకున్నచోట చర్మానికి గాలి తగలదు. అందువల్ల ఫిబ్రవరి చివరినుంచే వారానికి మూడు నాలుగు సార్లు, ఎక్కువగా రాలే రోజుల్లో ప్రతిరోజూ దువ్వాలి. లోబొచ్చును లాగడానికి పొడవైన పళ్లున్న రేక్ దువ్వెన, ఆ తరువాత సన్నని తీగల స్లిక్కర్ బ్రష్ వాడితే సరిపోతుంది. పైపైన నిమిరినట్టు దువ్వితే ఒళ్లు నిగనిగలాడుతుందే గాని లోపలి ముద్ద అలాగే ఉంటుంది. ఎడమచేత్తో బొచ్చును పాయగా విడదీసి, చర్మం కనిపించేదాకా వరుసవెంట వరుస దువ్వుకుంటూ రావాలి. చెవుల వెనుక, మెడ పట్టీ కింద, తొడల వెనుక ఎక్కువగా చిక్కుపడుతుంది. పిడుదులు దాక్కునేదీ ఈ చోట్లలోనే కనుక దువ్వేటప్పుడే వేళ్లతో తడిమి చూసుకోవాలి; అవి మోసుకొచ్చే జ్వరం ఈ ప్రాంతపు కుక్కలకు ఎండకు తీసిపోని శత్రువు.

స్నానం విషయంలో తొందరపాటు తగదు. వేడిగా ఉందని రోజూ తలమీదనుంచి నీళ్లు పోస్తే, తీరప్రాంతపు ఉక్కలో లోబొచ్చు సాయంత్రానికైనా ఆరదు. తడి నిలిచి చర్మం పాసి, వాసన వేసి, పుండ్లు పడతాయి. మూడు నాలుగు వారాలకొకసారి, ముందుగా దువ్వి, స్నానం చేయించి, ఫ్యాను ముందు కూర్చోబెట్టి మొదళ్లదాకా ఆరబెట్టాలి. రోజువారీ చల్లదనానికి పాదాలు, పొట్ట, తొడల లోపలి భాగం తడిపితే చాలు.

కుక్క ప్రధానంగా ఒగర్చడం ద్వారానే ఒంటి వేడిని వదులుకుంటుంది. నాలుక మీది తడి ఆవిరైతేనే చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ తడి త్వరగా ఆవిరి కాదు. ఇందువల్లే మార్కాపురం, గిద్దలూరు వైపు పొడి ఎండలో బాగా పనిచేసే కూలరు, తడి గోనెపట్టాల ఉపాయం కావలి, నెల్లూరు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలి మళ్లిన తరువాత అంతగా పనిచేయదు. కిటికీలు మూసిన గదిలో కూలరు పెడితే తేమ ఇంకా పెరిగి కుక్కకు మరింత కష్టమవుతుంది. తీరానికి దగ్గరలో ఉన్నవారు గాలి ఎదురెదురుగా ఆడేలా తలుపులు తెరిచి ఉంచడమో, మధ్యాహ్నం మూడు నాలుగు గంటలు ఏసీ గదిలో ఉంచడమో మేలు.

పైకప్పు ఫ్యాను గాలి కంటే నేలకు దగ్గరగా పెట్టిన టేబుల్ ఫ్యాను గాలి పడుకున్న కుక్కకు బాగా అందుతుంది. మెత్తటి పరుపు తీసేసి కడపరాయి నేల మీదనో, కాళ్లున్న నులక మంచం మీదనో పడుకోనివ్వాలి. మిద్దె మీద గది కట్టి అందులో కుక్కను ఉంచేవారు ఒక సంగతి గమనించాలి: పగలంతా కాగిన శ్లాబు పొద్దుగూకాక కూడా చాలాసేపు వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. అక్కడ కంటే వేపచెట్టు నీడ నయం. నీళ్లు మట్టి తొట్టిలో, నీడలో, రెండు మూడు చోట్ల పెట్టి పూటపూటకూ మార్చాలి. మామూలు రోజుల్లోనే కిలో బరువుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. ఎండలో ఇంకా ఎక్కువ తాగుతుంది. తిండి తెల్లవారుజామున, రాత్రి పెట్టండి. ఉప్పు, ఉల్లిపాయ వేయని పలుచని మజ్జిగ కొద్దిగా పోయవచ్చు. ద్రాక్షపండ్లు మాత్రం పెట్టకూడదు.

షికారు సూర్యోదయానికి ముందే ముగియాలి. సాయంత్రం ఆరైనా తారురోడ్డు చల్లారదు కనుక అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. మైపాడు బీచికి తీసుకెళ్లేవారికీ ఇదే మాట, ఇసుక కూడా కాలుస్తుంది. సముద్రపు నీరు తాగనివ్వకూడదు, ఇంటికొచ్చాక మంచినీళ్లతో ఉప్పు కడిగి ఆరబెట్టాలి. ఆగి ఉన్న కారులో, అద్దాలు కాస్త దించినా సరే, కుక్కను వదిలి వెళ్లకూడదు.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఎంత జాగ్రత్తపడినా వడదెబ్బ తగలవచ్చు. కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. 41 దాటితే ప్రాణాపాయం. ఆగకుండా ఒగర్చడం, చిక్కటి చొంగ, ఎర్రబడిన చిగుళ్లు, తూలడం, వాంతి కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, బొచ్చును పాయలు తీస్తూ నీళ్లు చర్మానికి చేరేలా పోస్తూ ఫ్యాను పెట్టాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది వేడెక్కి వేడిని లోపలే ఆపుతుంది. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. ఇంట్లో ఉన్న జ్వరం మాత్రలు వేయకూడదు. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు, పైగా కుక్కకు హాని చేస్తుంది. థర్మామీటరు మలద్వారంలో పెట్టి చూస్తూ, 39.5 దగ్గరకు రాగానే నీళ్లు పోయడం ఆపి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది లేచి తోక ఊపినా ఈ ప్రయాణం మానవద్దు, ఎందుకంటే వడదెబ్బవల్ల మూత్రపిండాలకు జరిగిన నష్టం ఒకటి రెండు రోజుల తరువాత బయటపడవచ్చు.