మేధో వైకల్యం గల విద్యార్థులకు అమెరికా కళాశాలల్లో ట్రాన్సిషన్ ప్రోగ్రాములు: దరఖాస్తు విధానం

మేధో వైకల్యం గల విద్యార్థులు సాధారణ హైస్కూల్ డిప్లొమా లేకపోయినా కళాశాలలో చేరి, ఎంచుకున్న తరగతులకు హాజరవుతూ, ఉద్యోగానికీ స్వతంత్ర జీవనానికీ సిద్ధమయ్యేందుకు అమెరికాలోని జార్జ్ మేసన్, వాండర్‌బిల్ట్, క్లెమ్సన్ వంటి విశ్వవిద్యాలయాలు ట్రాన్సిషన్ ప్రోగ్రాములు నడుపుతున్నాయి. ప్రవేశానికి ఒక దరఖాస్తు, ఫెడరల్ ఆర్థిక సహాయానికి మరొకటి విడివిడిగా పెట్టుకోవాలి.

అన్నిటికంటే ముందు, ఆ ప్రోగ్రాముకు ఫెడరల్ విద్యాశాఖ నుంచి సీటీపీ (మేధో వైకల్యం గల విద్యార్థుల కోసం సమగ్ర ట్రాన్సిషన్, ఉన్నత విద్యా ప్రోగ్రాము) ఆమోదం ఉందో లేదో కళాశాల ఆర్థిక సహాయ కార్యాలయంలో కనుక్కోవాలి. 2008లో వచ్చిన ఉన్నత విద్యావకాశాల చట్టం ప్రకారం ఆమోదం ఉన్నచోట అర్హులకు పెల్ గ్రాంట్, అనుబంధ గ్రాంట్ (తిరిగి చెల్లించనక్కర్లేని ఫెడరల్ సహాయం), వర్క్ స్టడీ (చదువుతూ చేసే పార్ట్‌టైమ్ పని) లభించవచ్చు గానీ ఈ మార్గంలో ఫెడరల్ రుణాలు రావు. ఆమోదం లేని ప్రోగ్రాము మంచిదే కావచ్చు, ఖర్చు లెక్క మాత్రం పూర్తిగా మారిపోతుంది.

కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు విద్యార్థి ఇంకా ప్రత్యేక విద్య పరిధిలో ఉండగానే కళాశాల ప్రోగ్రాముకు పంపి ఖర్చు భరిస్తాయి. సాధారణ డిప్లొమా తీసుకుంటే ప్రత్యేక విద్య హక్కు ముగిసిపోతుంది కనుక, ఈ సంగతి ఐఈపీ (విద్యార్థి కోసం స్కూలు రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక) సమావేశంలో తేల్చుకున్న తర్వాతే డిప్లొమా విషయం నిర్ణయించుకోవడం మేలు.

ప్రవేశ దరఖాస్తుకు సాధారణంగా ఐఈపీ, మనస్తత్వ నిపుణుల మూల్యాంకన నివేదిక, సిఫారసు లేఖలు జతచేయాలి. ఉదయం ఎవరు లేపుతారు, మందులు ఎవరు గుర్తుచేస్తారు, బస్సులో ఒంటరిగా వెళ్లగలరా అన్న ప్రశ్నలు ఉంటే ఉన్నదున్నట్టు రాయాలి; ప్రేమ కొద్దీ అన్నీ తానే చేసుకుంటాడని రాస్తే, చేరాక అందాల్సిన సహాయం అందకపోయే ప్రమాదం ఉంది. ఇంటర్వ్యూలో ప్రశ్నలు విద్యార్థినే అడుగుతారు కాబట్టి, తనకు ఏం నేర్చుకోవాలని ఉందో సొంత మాటల్లో చెప్పడం ముందే అలవాటు చేయాలి.

ఆర్థిక సహాయం కోసం ఏటా నింపాల్సిన ఫాఫ్సా ఫారానికి విద్యార్థికీ, వివరాలు ఇవ్వాల్సిన తల్లిదండ్రులకూ వేర్వేరు ఖాతాలు ఉండాలి. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు దీనికి అర్హులు. హెచ్-4 వీసాపై ఉన్నవారికి ఫెడరల్ సహాయం వర్తించదు. ఫారం పంపాక, విద్యార్థి సీటీపీ ప్రోగ్రాములో చేరుతున్నట్టు ఆర్థిక సహాయ కార్యాలయానికి విడిగా తెలియజేస్తే జాప్యం తప్పుతుంది.

కళాశాలలో చేరిన నాటి నుంచి విద్యా రికార్డులపై హక్కు విద్యార్థిదే అవుతుంది. కాబట్టి అధికారులు తల్లిదండ్రులతో మాట్లాడేందుకు వీలుగా, విద్యార్థి సంతకం చేసిన అనుమతి పత్రాన్ని చేరేటప్పుడే అందజేయాలి.