ఎర్రకోటు సిపాయిని అంతరిక్షంలోకి పంపుదాం: విశాఖ ఉక్కలో మినియేచర్ పెయింటింగ్

సైన్స్ ఫిక్షన్ వార్‌గేమ్ (బల్ల మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధపు ఆట) బొమ్మలు కొన్నాక చాలామంది చేసే మొదటి పని, డబ్బా మీద ఫొటో చూసి అవే రంగులు తెచ్చుకోవడం. అలా వేసినా బాగానే ఉంటాయి, కాకపోతే మీ సైన్యం, పక్కవాడి సైన్యం ఒకేలా ఉంటాయి. రంగులు కొనకముందే చరిత్రలోంచి ఒక సైనికుణ్ని ఎంచుకోండి. ఈ ఆటలు తయారుచేసేవాళ్లు చేసేదీ అదే. 1987లో మొదలైన వార్‌హ్యామర్ 40,000 అనే ఆటలో గ్యాస్ మాస్కు, పొడవాటి కోటు వేసుకున్న క్రీగ్ దళాన్ని చూడగానే మొదటి ప్రపంచ యుద్ధపు కందకాలు గుర్తొస్తాయి. ఎర్రకోట్ల ప్రిటోరియన్లని చూస్తే జూలూ యుద్ధంనాటి బ్రిటిష్ సైనికులు. విశాఖలో ఉన్న మనకి అంతదూరం వెళ్లాల్సిన పనే లేదు, మన ఊళ్లోనే సిపాయిలు ఉండేవాళ్లు.

1780 అక్టోబర్‌లో, హైదర్ అలీతో యుద్ధానికి మద్రాసు వెళ్లే ఓడ ఎక్కమని ఇక్కడున్న ఈస్టిండియా కంపెనీ సిపాయిలకి ఆర్డర్ వచ్చింది. వాళ్లు ఓడ ఎక్కేది లేదన్నారు, తిరగబడ్డారు. 1857కి ముందు డెబ్భై ఏడేళ్ల నాటి సంగతిది, మన ఊళ్లోనే చాలామందికి తెలియదు. ఇప్పుడు ఆ ఓడ స్థానంలో ఇంకో గ్రహానికి వెళ్లే నౌకని ఊహించుకోండి, ఎక్కనని ఆగిపోయిన ఒక దళాన్ని ఊహించుకోండి. సైన్స్ ఫిక్షన్ సైన్యానికి ఇంతకంటే మంచి కథ ఏం కావాలి? ఈ గైడ్ మొత్తం ఆ దళాన్ని తయారుచేయడం గురించే, మీరు బొబ్బిలి వీరుల్ని పెట్టుకున్నా ఇంకెవర్ని పెట్టుకున్నా పద్ధతి మాత్రం ఇదే.

ముందు రంగు సంగతి తేల్చుకుందాం. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర యుద్ధం జరిగింది. బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చిన కల్నల్ ఫోర్డ్ విశాఖలో దిగి, విజయనగరం ఆనంద గజపతిరాజుతో కలిసి ఫ్రెంచివాళ్ల మీదకి వెళ్లాడు. అతని ఇంగ్లిష్ పటాలం ఎత్తుగా పెరిగిన చేను చాటున పడి కనబడలేదు, అతని సిపాయిలు మాత్రం ఎర్రకోట్లతో బయట కనబడ్డారు, ఫ్రెంచివాళ్లు ఆ ఎరుపు చూసి వీళ్లే ఇంగ్లిష్ పటాలం అనుకుని ముందు వీళ్ల మీద పడ్డారు. అంటే దూరం నుంచి కంటికి ముఖం కనబడదు, తుపాకీ కనబడదు, కోటు రంగే కనబడుతుంది. ఆట బల్ల మీదా అంతే. ఎదుటివాడు మూడడుగుల దూరంలో నిలబడి చూస్తాడు కాబట్టి, ఆ దూరం నుంచి ఒక్క చూపుకే వీళ్లు ఫలానా దళం అని తెలియాలి.

అందుకే నేను పాటించే పద్ధతి చాలా సింపుల్: ఒంటి మీద గుడ్డ అంతా పాతకాలపుది, చేతిలో ఇనుము అంతా రాబోయే కాలానిది. ఎర్ర కోటు, ఛాతీ మీద అడ్డంగా దాటుకునే రెండు తెల్ల పట్టీలు, ముదురు నీలం తలపాగా, మోకాళ్ల పైదాకా తెల్ల జంగియా, ఇవన్నీ మద్రాసు సిపాయివి. తుపాకీ, భుజం కవచం, కంటి లెన్స్, వీపు మీద బ్యాటరీ, ఇవి భవిష్యత్తువి. రెండింటినీ కలిపేసి ఎర్రకోటు మీద మెరిసే నియాన్ గీతలు వేశారంటే మాత్రం చూసేవాడికి సిపాయీ కనబడడు, అంతరిక్ష సైనికుడూ కనబడడు.

తలపాగా ఉన్న తలలు సైన్స్ ఫిక్షన్ సెట్లలో దొరకడం కష్టం. 28 మిల్లీమీటర్ల చారిత్రక సిపాయి సెట్ల నుంచి తలలు తెచ్చి అతికించొచ్చు, లేదా త్రీడీ ప్రింట్ చేయించుకోవచ్చు. నాకైతే చేత్తో చేసిందే ఇష్టం. రెండు భాగాల ఎపాక్సీ పుట్టీ కలిపి, వేళ్లు తడి చేసుకుని, అద్దం ముక్క మీద సన్నటి జంతికల్లాగా తాళ్లు లాగి, తల చుట్టూ ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా చుట్టండి. టూత్‌పిక్ మొనతో మడతలు నొక్కండి. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఎంసీల్ తలపాగాకి కొంచెం గరుకుగా ఉంటుంది, దాన్ని బేస్ (బొమ్మ నిలబడే పీఠం) మీద రాళ్లూ గోడలూ చేయడానికి ఉంచుకోండి, తలకి మాత్రం మోడలింగ్ పుట్టీ తెప్పించుకోండి.

అతికించే ముందు, అచ్చులోంచి తీశాక అంచుల వెంట మిగిలే గీతల్ని కత్తి వీపుతో గీకేసి, బొమ్మని గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టండి. ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ సిమెంట్ అనే జిగురు, రెసిన్‌కి సూపర్‌గ్లూ. ఇక్కడ ఒక జాగ్రత్త, మన గాలిలో తేమకి సూపర్‌గ్లూ చుట్టూ తెల్లటి పొగలాంటి మచ్చ తేలుతుంది, కాబట్టి చుక్క కంటే తక్కువే పెట్టి ఫ్యాన్ కింద గాలి తగిలేలా ఉంచండి. ప్రైమర్ (అసలు రంగుకి ముందు వేసే అడుగు పూత) వేశాక ఆ మచ్చ కనబడదులెండి, కానీ పారదర్శకంగా ఉండే లెన్స్ పక్కన పడిందంటే ఇక పోదు.

ప్రైమర్ గురించి మాత్రం కాస్త ఓపికగా చదవండి, విశాఖలో బొమ్మలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. స్ప్రే ప్రైమర్ డబ్బాలోంచి బయటికి వచ్చి బొమ్మ మీద పడేలోపే కొంత ఆరుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే సున్నం రాలినట్టు గరుగ్గా పడుతుంది, దాని మీద ఎంత మంచి పెయింట్ వేసినా ఆ గరుకు పోదు. మనకి ఏడాదిలో చాలా నెలలు తేమ 70 శాతం పైనే ఉంటుంది. ఫోన్‌లో వెదర్ చూసుకుని 65 లోపు ఉంటేనే స్ప్రే చేయండి, అది ఎక్కువగా చలికాలంలో మధ్యాహ్నం పూట దొరుకుతుంది. పొద్దున్నే చల్లగా ఉంది కదా అని చేయకండి, తేమ అప్పుడే ఎక్కువ. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, ఆపకుండా పక్కకి కదుపుతూ, పలచగా రెండుసార్లు. మే నెల నుంచి అక్టోబర్ దాకా నన్నడిగితే స్ప్రే ఊసే ఎత్తొద్దు, బ్రష్‌తో వేసే యాక్రిలిక్ ప్రైమర్ పలచటి పూతలు రెండు వేసి ఒక రోజంతా వదిలేయండి. టైమ్ పడుతుంది, కానీ వానాకాలంలోనూ పని ఆగదు.

రంగులకి వాలెయో, సిటడెల్ లాంటివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, ఖరీదే. మొదటి దళానికి స్టేషనరీ షాపులో దొరికే క్యామ్లిన్ యాక్రిలిక్ ట్యూబులు చాలు, నీళ్లు కలిపి పాలలాగా పలచన చేసి, ఒకటికి బదులు మూడు పూతలు వేసుకుంటే సరి. డబ్బులు మంచి బ్రష్ మీద పెట్టండి, మొన సన్నగా నిలబడే 1 లేదా 2 సైజు బ్రష్ ఒకటి ఉంటే కంటి చుక్క నుంచి కోటు దాకా అన్నీ దాంతోనే అయిపోతాయి. వెట్ ప్యాలెట్‌కి, అంటే కలిపిన రంగు ఆరకుండా ఉంచే పలకకి, మూత గట్టిగా పడే టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పేపర్. ఫ్యాన్ కింద కూర్చుని వేసేవాళ్లకి ఇది తప్పనిసరి, లేకపోతే రంగు బ్రష్ మీదే గట్టిపడిపోతుంది. మన ఉక్కకి స్పాంజి వాసన వస్తుంది, బూజు పడుతుంది, వారానికోసారి కడిగి నీళ్లు మార్చండి.

ఇక ఎరుపు. ఎర్ర రంగు పలచన, కిందున్నది పైకి కనబడుతూనే ఉంటుంది, నల్ల ప్రైమర్ మీద వేస్తే ఎన్ని పూతలేసినా మురికిగానే ఉంటుంది. ముందు కోటు మొత్తం బర్న్‌ట్ సియెన్నా లాంటి ఇటుక గోధుమ రంగు వేయండి, దాని మీద ఎరుపు రెండు పూతల్లో నిండుగా పట్టేస్తుంది. ఇక్కడ చరిత్ర మనకి ఒక మంచి తేడా ఇచ్చింది. ఆ కాలం బ్రిటిష్ సైన్యంలో మామూలు సైనికుడి కోటుకి మంజిష్ఠ వేరు జాతి రంగు వేసేవాళ్లు, అది కాస్త ఇటుక రంగులోకి పోతుంది, ఎండకి ఇంకా వెలుస్తుంది. ఆఫీసర్ కోటుకి కోచినీల్ పురుగు నుంచి తీసిన మండే ఎరుపు. మీ బల్ల మీద కూడా సిపాయిల ఎరుపులో కొంచెం గోధుమ కలపండి, ఆఫీసర్‌కి మాత్రం శుద్ధమైన స్కార్లెట్ వేయండి. పక్కపక్కన నిలబెట్టి చూడండి, ఏ గుర్తూ పెట్టకుండానే ఎవరు ఎవరో తెలిసిపోతుంది. నీడకి నలుపు వాడొద్దు, ఎరుపులో కొద్దిగా ముదురు నీలం కలిపి మడతల్లో పెట్టండి. వెలుగుకి తెలుపు వాడొద్దు, గులాబీ రంగు అయిపోతుంది, నారింజ కలపండి, అదీ భుజం అంచుల మీద, మోచేతి మీద మాత్రమే. కాలర్, చేతి కఫ్‌ల రంగు రెజిమెంట్‌ని బట్టి మారేది, కాబట్టి ఒక స్క్వాడ్‌కి పసుపు, ఇంకోదానికి ఆకుపచ్చ ఇచ్చారంటే ఆట మధ్యలో స్క్వాడ్లు కలిసిపోయినా విడదీయడం తేలిక.

తెల్ల పట్టీలకి నేరుగా తెలుపు వేయకండి. అవి తెల్లమట్టి పూసి తెల్లగా ఉంచిన తోలు పట్టీలు. ముందు పట్టీకి రెండువైపులా ముదురు గోధుమతో సన్నటి గీత గీయండి, తర్వాత బూడిద కలిసిన మీగడ రంగు నింపండి, చివర్లో పైభాగం మీద మాత్రం తెలుపు. ఆ సన్నటి ముదురు గీతే ఎరుపునీ తెలుపునీ విడదీసి పట్టీని పైకి లేపి చూపిస్తుంది. గీత పట్టీ మీదకి జారితే కంగారేం లేదు, మీగడ రంగు దాన్ని కప్పేస్తుంది.

ఒంటి రంగు మీద మనవాళ్లు ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నాకు గట్టిగా ఉంటుంది, ఎందుకంటే దొరికే స్కిన్ సెట్లు చాలావరకు తెల్లవాళ్ల ముఖాల కోసమే, వాటిలో కొంచెం గోధుమ కలిపి మన ముఖం అనుకుంటే బూడిద పూసినట్టు వస్తుంది. బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమలో చుక్క ఎరుపు వేసి మొదలుపెట్టండి, తర్వాతి పొరకి పసుపు ఓకర్ కలపండి, ముక్కు దూలం, చెక్కిళ్లు, వేళ్ల కణుపుల మీద ఇంకొంచెం ఓకర్. తెలుపు దాదాపు వద్దు. కంటి గుడ్డుకి కూడా మీగడ రంగే, తెల్లగా వేస్తే భయపడ్డవాడిలా కనబడతాడు. మీసం మందంగా పెట్టండి. చివరగా నుదుటి మీద బ్రష్ మొనతో ఒక బొట్టు, లేదా నిలువు నామం. 1806లో వెల్లూరులో సిపాయిలు తిరగబడటానికి తోలు గుర్తు ఉన్న కొత్త తలపాగాతోపాటు, నుదుటి మీద బొట్టు తీసేయమన్న ఆర్డర్ కూడా కారణం. మన సైనికుడు ఏ గ్రహంలో ఉన్నా ఆ చుక్క ఉండాలి. ఈ చుక్కకి రంగు మరీ పలచగా ఉండకూడదు, ముందు వేలి గోరు మీద ఒకటి పెట్టి చూసుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కసారి తాకి తీసేయండి.

ఇనుము పనికి పాఠాలు ఊళ్లోనే ఉన్నాయి. ఆర్కే బీచ్‌లో ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి పైపులు, వాల్వులు, చేతులు తగిలి నున్నబడ్డ పిడులు గమనించండి, రంగు ఎక్కడ పోతుందో అర్థమవుతుంది: మనిషి చెయ్యి పడే చోటే. మీ బొమ్మ తుపాకీకి కూడా పిడి మీద, ట్రిగ్గర్ దగ్గర మాత్రమే వెండి రంగు గీతలు పెట్టండి. తుప్పు కోసం ఫిషింగ్ హార్బర్ చాలు, అక్కడ బోట్ల మీద బోల్టు దగ్గర ముదురుగా మొదలై కిందికి సన్నగా కారుతుంది తుప్పు. వాహనాలకి అలాగే, పైన ముదురు గోధుమ చుక్క, కింద పలచటి నారింజ గీత. లెన్స్‌కి ముదురు నీలం వేసి, కింది మూల లేత నీలం, పై మూల ఒక్క తెల్ల చుక్క. ఎరుపు, నీలం తలపాగా ఇప్పటికే ఉన్నాయి కాబట్టి మెరిసే రంగు ఒక్కటి దాటకూడదు.

బేస్‌కి భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల రంగు అద్భుతంగా ఉంటుంది, చూస్తే వేరే గ్రహమే. అక్కడి మట్టి మాత్రం తేవద్దు, అది రక్షిత ప్రాంతం, ఫొటో తీసుకొచ్చి రంగు కలుపుకోండి. బర్న్‌ట్ సియెన్నా మీద నారింజ, దాని మీద ఓకర్‌తో డ్రై బ్రష్, అంటే రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రుద్దడం. కోటు కూడా ఎరుపే కాబట్టి బేస్‌ని రెండు మెట్లు లేతగా ఉంచండి, లేకపోతే సిపాయి నేలలో కలిసిపోతాడు. ఇసుక ఇళ్లు కట్టడానికి వాడేది జల్లించుకోండి, బీచ్ ఇసుకే కావాలంటే మంచినీళ్లతో నాలుగైదుసార్లు కడిగి బాగా ఎండబెట్టాలి, లేకపోతే అందులో ఉప్పు తేమ పీల్చి కొన్నాళ్లకి రంగుని పైకి లేపుతుంది.

మ్యాట్ వార్నిష్ కూడా బ్రష్‌తోనే వేయండి, ఇంత పని చేశాక తేమలో స్ప్రే కొట్టి తెల్లటి మంచు తెచ్చుకోవద్దు. లెన్స్ మీద మాత్రం మెరిసే గ్లాసీ వార్నిష్ చుక్క. బొమ్మల డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టి వానాకాలంలో మారుస్తూ ఉండండి. బేస్ కింద అయస్కాంతాలు పెట్టుకునేవాళ్లు వాటికీ ఒక పూత వార్నిష్ వేయండి, పైపూత ఎక్కడ చిట్లినా ఈ ఉప్పు గాలికి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.