అటామ్ ప్రోబ్ పునర్నిర్మాణంలో తలాల దూరం తప్పితే: సమస్య - పరిష్కారం

అటామ్ ప్రోబ్ అంటే లోహపు సూది మొనకు అధిక వోల్టేజీ పెట్టి, వోల్టేజీ లేదా లేజర్ స్పందనలతో పరమాణువులను ఒక్కొక్కటిగా అయాన్లుగా ఆవిరిచేసి డిటెక్టర్‌పై పట్టే పరికరం. ఆ నమోదుల నుంచి పరమాణువుల త్రిమితీయ చిత్రాన్ని తిరిగి కట్టడమే పునర్నిర్మాణం.

సమస్య: చెన్నైలో ఐఐటీ మద్రాసు జాతీయ అటామ్ ప్రోబ్ కేంద్రం నుంచి వచ్చిన డేటాను వరంగల్‌లో కూర్చుని తెరిచిన పరిశోధక విద్యార్థికి, అల్యూమినియంలో 0.234 నానోమీటర్లు ఉండవలసిన 111 తలాల (స్ఫటికంలో ఒక దిశలో పేర్చినట్టుండే పరమాణు పొరల) మధ్య దూరం 0.20 మాత్రమే కనిపిస్తుంది.

కారణం: డిటెక్టర్ నమోదు చేసేది అయాన్ తగిలిన చోటు, వచ్చిన వరుస, ప్రయాణ కాలం మాత్రమే, లోతును ఎవరూ కొలవరు, లెక్కకడతారు. బాస్, ఆయన సహచరులు 1995లో ఇచ్చిన పద్ధతిలో సూది మొన వ్యాసార్థాన్ని వోల్టేజీ, బాష్పీభవన క్షేత్రం (పరమాణువు ఆవిరవడానికి కావలసిన విద్యుత్ క్షేత్రం), క్షేత్ర గుణకం (సూది ఆకారాన్ని బట్టి మారే సంఖ్య) నుంచి రాబడతారు. ప్రతి పరమాణువుకూ దాని వంతు ఘనపరిమాణం దక్కాలి కనుక, వ్యాసార్థం ఎక్కువగా లెక్కకొస్తే అడ్డుకొలతలు పెరిగి లోతు కుంచించుకుపోతుంది. జొన్నరొట్టె తట్టేటప్పుడు అదే పిండిముద్ద వెడల్పయినకొద్దీ పలుచనైనట్టే, వ్యాసార్థం 10 శాతం పెరిగితే తలాల దూరం సుమారు 17 శాతం తగ్గుతుంది.

పరిష్కారం: చాలామంది వెంటనే క్షేత్ర గుణకాన్ని సవరిస్తారు, అది తొందరపాటు. ముందు ప్రతిబింబ సంకోచ గుణకాన్ని, అంటే అయాన్ల దారులు వంగడం వల్ల డిటెక్టర్‌పై కోణాలు ఎన్ని రెట్లు కుదించుకుపోయాయో చెప్పే సంఖ్యను, తేల్చాలి. డిటెక్టర్ చిత్రంలో 111, 113 పోల్‌లను (ఆ తలాలకు లంబ దిశలు కనిపించే చోట్లను) గుర్తించి, వాటి మధ్య నిజమైన 29.5 డిగ్రీలను అక్కడ కనిపించిన కోణంతో భాగించాలి, 18.4 డిగ్రీలు కనిపిస్తే గుణకం 1.60. దానితో మళ్లీ పునర్నిర్మించి, 111 పోల్ కిందనే సన్నని స్తంభం తీసుకుని తలాల దూరం కొలవాలి. అప్పటికీ 0.20 వస్తే, 0.234ను 0.20తో భాగించి, వర్గమూలం తీసి, క్షేత్ర గుణకాన్ని దానితో హెచ్చించాలి: 3.3 కాస్తా 3.57 అవుతుంది. డిటెక్టర్ సామర్థ్యాన్ని (వచ్చిన అయాన్లలో అది పట్టుకునే శాతాన్ని) మార్చి దూరాన్ని సరిపెట్టడం మాత్రం దొంగలెక్క. లీప్ 5000 ఎక్స్‌ఆర్ అనే అటామ్ ప్రోబ్ నమూనాకు ఆ సామర్థ్యం సుమారు 52 శాతం, దాన్ని అలాగే ఉంచాలి.

సమస్య: పైభాగంలో సరిపోయిన దూరం లోతుకు పోయేకొద్దీ జారిపోతోంది.

కారణం, పరిష్కారం: లేజర్ శక్తిని మధ్యలో మార్చినా, మొన ఆకారం మారినా, వోల్టేజీ వ్యాసార్థానికి నమ్మకమైన గుర్తు కాదు. ప్రయోగానికి ముందు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో తీసిన సూది చిత్రం నుంచి శంఖు కోణం కొలిచి దానితో పునర్నిర్మించాలి.

సమస్య: ఇనుములోని రాగి గుంపుల్లో పరమాణువుల సాంద్రత చుట్టుపక్కల కంటే కొన్ని రెట్లు ఎక్కువగా కనిపిస్తోంది.

కారణం: రాగి తక్కువ క్షేత్రంలోనే ఆవిరవుతుంది కనుక అక్కడ మొన కొంత చదునై, అయాన్ల దారులు లోపలికి వంగి, పక్కనున్న ఇనుము అయాన్లు కూడా గుంపులో పడతాయి. దీన్ని ఏ గుణకమూ దిద్దలేదు. గుంపు పరిమాణాన్ని అడ్డంగా కాకుండా లోతు దిశలో కొలిచి, లోపల కనిపించిన ఇనుములో కొంత ఇలా వచ్చి చేరినదేనని నివేదికలో రాయాలి.